తలుపు మీద చెయ్యి పెట్టి విన్న పాట

పోయిన నెల మా అమ్మాయి డెన్వర్ నుంచి వచ్చి, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా నా చేత కొత్త కారు కొనిపించింది. పాత వ్యానుకి తుప్పు పట్టిందనీ, ఈ వయసులో దాన్నేసుకుని మంచులో తిరుగుతుంటే తనకి డెన్వర్‌లో నిద్ర పట్టడం లేదనీ దాని వాదన. సరే, కొత్త కారు ఇంటికి తెచ్చాక, పాత వ్యానులో మిగిలిన సామాన్లు ఒక్కొక్కటే ఇటు మార్చుకుంటూ, ముందు సీటు పక్క అరలో ఉన్న సి.డి.లు పట్టుకుని కొత్త కారులో కూర్చున్నాను. వాటిని పెట్టే చోటు ఎంత తడిమినా దొరకలేదు. అద్దంలాంటి తెర ఒకటి వెలుగుతోంది గాని, ఎక్కడా సన్నని చీలిక కూడా లేదు. మా అమ్మాయి కిటికీలోంచి తొంగిచూసి, "సి.డి. ప్లేయర్ ఇప్పుడు రాదు నాన్నా, జస్ట్ ఫోన్ కనెక్ట్ చెయ్యి, అంతే" అని తన అమెరికా యాసలో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ సి.డి.లు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేశాను.

వాటి అట్టల మీది బొమ్మలు చూస్తే మన తరం వాళ్ళెవరికైనా నవ్వొస్తుంది. నల్లటి దేవదారు అడవులు, మంచు, మొహాలకి మసి పూసుకుని గొడ్డళ్ళు పట్టుకున్న గడ్డాల మనుషులు. ఫిన్లాండ్ దేశపు మెటల్ సంగీతం అది. మనం ఈ దేశం వచ్చిన కొత్తలో సూట్‌కేసు అడుగున చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న క్యాసెట్లలో కీర్తనలుండేవి, నాటకాల పద్యాలుండేవి, మహా అయితే సినిమా పాటలుండేవి; అలాంటి తరం మనిషి దగ్గర ఈ సరుకేమిటని మీరు అడగవచ్చు. గుడి కమిటీలో నాతో పనిచేసే మిత్రుడొకాయన ఒకసారి నా వ్యానెక్కి, ఆ అట్టలు చూసి, సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. ఆయనకి నేను చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఆ సి.డి.లు నావి కావు, మా ఆవిడవి.

మా ఆవిడది గోదావరి కాలవ పక్కన ఒక ఊరు. సంగీతం చిన్నప్పటి నుంచీ పద్ధతిగా నేర్చుకున్న మనిషి. మేము చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇల్లు కొనుక్కున్నాక, బేస్‌మెంట్‌లో జంపఖానా పరిచి, శనివారం ఉదయాలు మన పిల్లలకి పాఠాలు చెప్పేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ళ పలకలేక, ణ పలకలేక అవస్థపడుతుంటే ఆవిడ అవన్నీ క్షమించేది గాని, శ్రుతి తప్పితే మాత్రం ఊరుకునేది కాదు. మాటలు తర్వాతైనా వస్తాయి, ముందు శ్రుతిలో నిలబడటం రావాలనేది. తన పాట తనకే నచ్చినా సరే, పాడటం అయిపోగానే పక్కనున్న వాళ్ళ వైపు తిరిగి "శ్రుతి కలిసిందా?" అని అడగటం ఆవిడకి అలవాటు. ఇంట్లో పక్కనుండేది సాధారణంగా నేనే. మోటారు మోతయితే చెప్పగలను గాని ఇది నా వల్ల కాదనేవాణ్ణి. అందులో అతిశయోక్తి లేదు. నేను మెకానికల్ ఇంజినీరుని. ఫ్యాక్టరీలకి వేసే పెద్ద పెద్ద ఫాన్లూ మోటార్లూ తయారుచేసే ఒక కంపెనీలో, వాటి అదురూ రొదా తగ్గించడమే నా ఉద్యోగం. యంత్రం తిరుగుతున్నదీ లేనిదీ చేత్తో ముట్టుకున్నా తెలియకూడదు, అప్పుడే నేను పని చేసినట్టు. ఈయనకి ఏదైనా మోగితే చాలు, ఆపెయ్యాలనిపిస్తుంది అని మా ఆవిడ నలుగురిలో వేళాకోళం చేసేది.

ఆవిడ చెవులు ఎప్పుడు మందగించడం మొదలైందో మాకు సరిగ్గా తెలియలేదు. ముందు పిచ్చుకల కూతలు పోయాయి, తర్వాత టెలిఫోన్ గంట పోయింది, తర్వాత చిన్నపిల్లల గొంతులు పోయాయి. పై స్వరాలు ముందు పోతాయనీ, నరానికి సంబంధించినది కనక ఆపరేషన్లు లేవనీ డాక్టరు చెప్పాడు. చెవి మిషన్లు పెట్టించాము. మాటలకి అవి కొంత పనికొచ్చాయి గాని, పాటకి పనికిరాలేదు. వాటిలోంచి శ్రుతిపెట్టె వింటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందని విసుక్కునేది. అయినా పాఠాలు మానలేదు. పిల్లల పెదవులు చూస్తూ, తొడ మీద వాళ్ళు వేసే తాళం చూస్తూ నెట్టుకొచ్చింది. ఒక శనివారం పాఠం మధ్యలో ఒక చిన్నపిల్ల, ఏ కల్మషమూ లేకుండా, "ఆంటీ, మీ పిచ్ వేరే ఉంది" అంది. వినపడలేదనుకుని దగ్గరికొచ్చి మళ్ళీ చెప్పింది. మా ఆవిడ నవ్వి, దాని బుగ్గ పుణికి, పాఠం పూర్తిచేసి, ఎప్పటిలాగే అందరికీ అరటిపళ్ళిచ్చి పంపింది. ఆ వారంలోనే పిల్లల తల్లులందరికీ నా చేత ఫోన్లు చేయించి పాఠాలు మానేసింది. శ్రుతిపెట్టెని పాత పట్టుచీర ముక్కలో చుట్టి బట్టల అల్మారాలో పైన పెట్టేసింది.

దానితో కూనిరాగం కూడా పోయింది. అది నేను ఊహించలేదు. కూర తరుగుతున్నప్పుడూ, బట్టలు మడత పెడుతున్నప్పుడూ, కారులో పక్కన కూర్చున్నప్పుడూ ఆవిడ గొంతులో ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూ ఉండేది, దాన్ని నేను ఇన్నేళ్ళూ పట్టించుకున్నవాణ్ణి కాను. అది ఆగిపోయాక ఇంట్లో నిలబడలేకపోయేవాణ్ణి. జీవితమంతా నిశ్శబ్దం తయారుచేసి జీతం తెచ్చుకున్న మనిషికి సొంత ఇంట్లో నిశ్శబ్దం భరించరానిదైంది. తను తప్పు పాడుతున్నట్టు తనకే తెలియకపోవడం ఎంత అవమానమో మీకు తెలియదండీ అని ఒకసారి అంది.

ఇలా ఉండగా మా బావమరిది మాకు దగ్గర్లో పడ్డాడు. మా ఆవిడకి తమ్ముడు, వయసులో చాలా చిన్నవాడు. వాడికి ఊహ తెలియక ముందే మా అత్తగారు పోతే, మా ఆవిడే ఎత్తుకుని పెంచింది. మా పెళ్ళినాటికి వాడు అక్క చీర కొంగు వదలని పసివాడు. అలాంటి వాడు సాఫ్ట్‌వేర్ చదివి, రెండువేల ఒకటిలో హెచ్-వన్ వీసా మీద ఈ దేశం వచ్చి, కొన్నాళ్ళు జెర్సీలో ఉండి, ఆ తర్వాత చికాగో ప్రాజెక్ట్ దొరికి మా ఊరి పక్కనే అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. శని ఆదివారాలు మా ఇంట్లోనే. వాడి ఆఫీసులో ఒక సహోద్యోగి తాతలది ఫిన్లాండట. ఈ మెటల్ పాటల పిచ్చి అతను అంటించిందే. వాడు మా వ్యానెక్కితే చాలు, జేబులోంచి ఒక సి.డి. తీసి అందులోకి తోసేవాడు. నేను తగ్గించబోతే "బావగారూ, వాల్యూమ్ మీద చెయ్యెయ్యకండి ప్లీజ్, అసలు పార్ట్ ఇప్పుడే వస్తుంది" అని వెనక నుంచి బతిమాలేవాడు.

మొదట్లో నాకు అది సంగీతమనే అనిపించలేదు. ఒకడు పులిలా గాండ్రిస్తాడు, వెనక డ్రమ్ములు కొండ మీంచి రాళ్ళు దొర్లినట్టు దొర్లుతాయి. పాపం ఆ అబ్బాయి గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది, ఎవరైనా డాక్టరుకి చూపించరాదుటరా అని నేనంటే, మన ఊళ్ళో వీరభద్రుడి సంబరంలో ఖడ్గాలనే స్తుతులు చదివేవాళ్ళు కూడా అలాగే అరుస్తారుగా అని వాడనేవాడు. నిజమే సుమా అనిపించింది. కాస్త ఓపిక పట్టి వింటే, ఆ అరుపుల కింద ఒక పల్లె పాట ఉండేది. అకార్డియన్ మీదో ఫిడేలు మీదో ఒక చిన్న వరస, రెండుసార్లు వింటే మూడోసారి మనమే అందుకునేంత తేలికైన వరస, గంతులేయించే దరువు మీద నడిచేది. తమాషా ఏమిటంటే దరువు గంతులేస్తుంటే వరస ఏడుస్తూ ఉండేది. ఏడాదిలో సగం చీకట్లో గడిపే దేశం వాళ్ళట. పెళ్ళికి ఎగిరే పాట కూడా ఎవరినో పోగొట్టుకున్నట్టే పాడతారట. వాడు చెప్పుకొచ్చేవాడు, మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. అక్కకి ఎలాగూ వినపడదు కనక ఇబ్బందేమీ లేదని వాడూ నేనూ కూడా అనుకున్నాం.

ఒక ఆదివారం గుడి నుంచి వస్తున్నాం. నేను నడుపుతున్నాను, మా ఆవిడ పక్కన, బావమరిది వెనక. ఎప్పటిలాగే వాడి పాట మోగుతోంది. మా వ్యానులో ముందు తలుపు అడుగున స్పీకరు ఉండేది, మోత ఎక్కువైతే తలుపు రేకంతా అదిరేది. వృత్తిరీత్యా ఆ అదురు నాకు పడేది కాదు, ఏదో ఒక రోజు విప్పి రబ్బరు వేయాలనుకుంటూ ఉండేవాణ్ణి. ఆ రోజు మా ఆవిడ చెయ్యి ఊరికే ఆ తలుపు మీద ఆనింది. కాసేపటికి పక్కనుంచి ఏదో వినిపించింది. కూనిరాగం. ఎన్నాళ్ళకో విన్నది కావడంతో ముందు అది సి.డి.లోంచి వస్తున్నదనుకున్నాను. తర్వాత గొంతు పెరిగింది, మాటలొచ్చాయి, తెలుగు మాటలు. వాళ్ళ అమ్మమ్మ పాడే పడవ పాట అది. కాలవ గట్టు మీద నడుస్తూ, ధాన్యం పడవలకి తాడు కట్టి లాగేవాళ్ళు పాడుకునేదట. అడుగు వేసేటప్పుడు బరువుగా, వదిలేటప్పుడు తేలిగ్గా ఉండే పాట. ఆ ఫిన్లాండ్ వరస మీద ఆ పడవ పాట అతికినట్టు కూర్చుంది. నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి చాలా దూరం వెళ్ళిపోయాను.

పాట మధ్యలో ముక్కు మీద కళ్ళజోడు సరిచేసుకోవడానికి ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసింది. వెంటనే గొంతు ఎటో జారిపోయింది. మళ్ళీ చెయ్యి ఆనించింది, మళ్ళీ దారిలోకి వచ్చింది. నేను గమనించలేదు, వెనకనున్న వాడు గమనించాడు. "అక్కా, చెయ్యి తియ్యకే!" అని సీటు మధ్యలోంచి ముందుకొచ్చి ఆవిడ చేతిని తలుపుకేసి అదిమి పట్టుకున్నాడు. పాట అయిపోయింది. ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చిన్నపిల్లలా భయపడుతూ, "శ్రుతి కలిసిందా?" అని అడిగింది. వాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను రోడ్డు పక్కన ఎక్కడో వ్యాను ఆపాను. ముగ్గురం ఏడిచాం, చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఇంజినీరుగా ఆలోచిస్తే అందులో మాయేమీ లేదు. ఆ సంగీతంలో గిటార్ల తీగల్ని బాగా వదులు చేసి, శ్రుతిని నేలబారుకి దించుతారు. పాట నడిచినంతసేపూ ఒక లోతైన స్వరం అడుగున మోగుతూనే ఉంటుంది. ఆవిడ చెవికి అందని పై స్వరాల గొడవ అందులో తక్కువ, చేతికీ ఒంటికీ తెలిసే అదురు ఎక్కువ. మన తంబురా చేసే పనే అది ఇంకా మొరటుగా చేస్తోంది. పైగా వరస తేలిక కనక, వాయిద్యాలన్నీ కలిసి దాన్నే మళ్ళీ మళ్ళీ వాయిస్తాయి కనక ఒకసారి పట్టుకుంటే జారదు. కీర్తనలు పెట్టి చూశాం, సినిమా పాటలు పెట్టి చూశాం. అవన్నీ ఆవిడ వేళ్ళకి అందకుండా పైపైన పోయేవి. ఇది ఒక్కటే అందింది. కొన్నిటి శ్రుతి ఆవిడకి కుదిరేది కాదు. కుదిరిన పాట దొరికితే మాత్రం ఇక దాన్ని పట్టుకుని వదిలేది కాదు.

అప్పటి నుంచి ఆ వ్యానే మా సంగీతం గదైంది. శనివారం పాఠాలు చెప్పిన వేళకే తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చక్కటి చీర కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చునేది. వెనక తమ్ముడు. పోవలసిన చోటంటూ లేదు. మొక్కజొన్న పొలాల మధ్య రోడ్ల మీద నేను తిప్పుతూ ఉండేవాణ్ణి, ఆవిడ పాడుతూ ఉండేది. వాడు వెనక నుంచి పరీక్షాధికారిలా వింటూ, కలిస్తే బొటనవేలు, కలవకపోతే అరచెయ్యి అటూ ఇటూ ఊపడం. అక్క కదా అని ఒక్కనాడూ దయ తలచలేదు. అందుకే ఆవిడకి వాడి బొటనవేలంటే అంత నమ్మకం. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క కారులో కుర్రాళ్ళు మా మోత విని, ఎవరో తమలాంటి వాళ్ళనుకుని తలలూపుతూ ఇటు తిరిగారు. పట్టుచీరలో మా ఆవిడని చూసి నోళ్ళు తెరిచారు. తర్వాత చూపుడు వేలూ చిటికెన వేలూ కొమ్ముల్లా పెట్టి చూపించారు. అది వాళ్ళ పలకరింపట. అది ఏ ముద్రో తెలియక మా ఆవిడ చక్కగా రెండు చేతులూ జోడించి నమస్కారం చేసింది.

ఆ పాటల్లో ఏం చెబుతున్నారో తెలుసుకోవాలని ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు. తమ్ముడు అర్థం చెప్పబోతే వద్దనేది. మా అమ్మమ్మ పాట కూడా వాళ్ళకి అర్థం కాదుగా, చెల్లుకి చెల్లు అనేది. కాని ఒకటి మాత్రం అంది, నేను మరచిపోలేదు. ఏడుపొచ్చినప్పుడు కూర్చుని ఏడవడానికి తీరిక లేని వాళ్ళు పాడుకునే పాటలండీ ఇవి, తాడు లాగుతూ ఏడవాలి, అందుకే ఆ దరువు అంది.

మా బావమరిదికి పెళ్ళి కుదిరింది. పిల్ల కూడా ఇక్కడే ఉద్యోగం చేస్తోంది, పెళ్ళి గుడి హాల్లో. తల్లి లేని వాడు కనక తల్లి పనులన్నీ మా ఆవిడవే. అన్నీ ఉత్సాహంగా చేసింది గాని, హారతి పాట దగ్గరకి వచ్చేసరికి మొండికేసింది. వ్యానులో పాడుకోవడం వేరు, పెళ్ళిలో మైకు ముందు పాడటం వేరనీ, తమ్ముడి పెళ్ళి పీటల ముందు తన నోటి నుంచి అపశ్రుతి వస్తే తను బతికుండగా మరచిపోలేదనీ, ఎవరైనా చక్కగా వినపడే వాళ్ళని పెట్టుకోమనీ చెప్పింది. పెళ్ళికొచ్చే వాళ్ళలో ఆవిడ పాత శిష్యులున్నారు, వాళ్ళ తల్లులున్నారు. ఆ శనివారం చిన్నపిల్ల అన్న మాట ఆవిడ మనసులోంచి పోలేదని నాకప్పుడు తెలిసింది. వాడు అక్క ఎదురుగా, పెదవులు కనపడేలా కూర్చుని, "నువ్వు పాడకపోతే నాకు పెళ్ళయినట్టే ఉండదక్కా. కావాలంటే డేట్ పోస్ట్‌పోన్ చేస్తాను" అన్నాడు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు నేను గరాజ్‌లో పని మొదలుపెట్టాను. అదురు తగ్గించడానికి ఏమేమి చేయాలో జీవితమంతా నేర్చుకున్నవాణ్ణి, అవన్నీ తలకిందులుగా చేస్తే అదురు పెరుగుతుంది కదా. పల్చటి చెక్కతో ఒక పీట చేశాను, కాళ్ళకి రబ్బరు వేయకుండా, మధ్యలో ఆనుకి బద్ద పెట్టకుండా, బోలుగా. దాని కింద పెద్ద స్పీకరు డబ్బా అమర్చాను. వాడు ఆవిడకి బాగా అచ్చొచ్చిన పాటలోంచి అడుగున మోగే ఆ ఒక్క స్వరాన్ని తీసి, కంప్యూటర్‌లో సాగదీసి, నదిలా ఆగకుండా మోగేలా చేశాడు. ఆవిడని ఉత్త పాదాలతో పీట మీద నిలబెట్టాం. కళ్ళు మూసుకుంది. తర్వాత సన్నగా ఎత్తుకుంది. పూర్తయ్యాక ఎప్పటి ప్రశ్నే అడిగింది, వాడు ఎప్పటిలాగే బొటనవేలు చూపించాడు. అయితే పాడతానని అనలేదు, పాడనని కూడా అనలేదు.

పెళ్ళి రోజున ఆ పీట మోత మొదలవగానే పురోహితుడు గారు మంత్రం ఆపి, "ఏమిటండీ ఈ హోరు, జనరేటరా?" అన్నారు. పెళ్ళికొడుకే పీటల మీంచి "శ్రుతండీ, శ్రుతి" అని చెప్పుకోవలసి వచ్చింది. మా ఆవిడ చెప్పులు విడిచి పీటెక్కింది. హాలంతా చూస్తోంది. ఆవిడ ఎవరినీ చూడకుండా తమ్ముణ్ణే చూస్తూ వాళ్ళ అమ్మమ్మ పడవ పాట వరస మీద హారతి మాటలు కట్టుకుని పాడింది. అడుగు బరువుగా, వదిలేటప్పుడు తేలిగ్గా. ఆ హోరు మీద ఆ గొంతు ఎలా నిలబడిందో నాకు వర్ణించడం రాదు. ఆ చిన్నపిల్ల, అప్పటికి కొంచెం పెద్దదైంది, ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తోంది. పాట అయిపోయింది. తల మీద అక్షింతలతో, కళ్ళ నిండా నీళ్ళతో, పెళ్ళికూతురి చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో వాడు బొటనవేలు పైకెత్తాడు. మా ఆవిడ ఆ రోజు నవ్విన నవ్వు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

అక్కడ ఆగిపోతే బాగుండేది. కాలం ఆగదు. రెండువేల తొమ్మిది ప్రాంతంలో ఉద్యోగాలు పోయిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. వాడి ప్రాజెక్ట్ మూసేశారు, హెచ్-వన్ ట్రాన్స్‌ఫర్ చేసే కంపెనీ దొరకలేదు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ హైదరాబాదు వెళ్ళిపోయారు. సి.డి.లన్నీ అక్కకేనని వ్యానులోనే వదిలేశాడు. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను పక్కకి తీసుకెళ్ళి, "ఇక మీరే చెప్పాలి బావగారూ, అబద్ధం చెప్పకండి, అక్కకి తెలిసిపోతుంది" అన్నాడు. ఆ తర్వాత వాడు ఫోన్ చేసినా ఆవిడకి వినపడేది కాదు. వాడు నాకు చెబితే నేను పెదవులు కదుపుతూ ఆవిడకి చెప్పేవాణ్ణి. అక్కాతమ్ముళ్ళ మధ్య నేను తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేస్తున్నట్టుండేది.

నేను అప్పటికి రిటైరయ్యాను. శనివారాలు మానలేదు. వెనక సీటు ఖాళీ, తీర్పు చెప్పవలసింది నేను. నా వైపు తలుపు మీద నేనూ ఎడమ చెయ్యి ఆనించి, ఆ అదురునీ ఆవిడ గొంతునీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వినడం మొదలుపెట్టాను. చాలాకాలం ఏమీ తెలియలేదు. ఒక రోజు ఉన్నట్టుండి తెలిసింది. గొంతు వచ్చి ఆ అదురులో కూర్చున్నప్పుడు రెండూ ఒకటై నెమ్మదిస్తాయి. పక్కకి తప్పితే మధ్యలో ఒక చిన్న కొట్లాట మొదలవుతుంది. మోటార్లలో నేను రోజూ విన్నదే అది. ఇన్నేళ్ళు కాపురం చేశాక, అరవై దాటాక నాకు శ్రుతి తెలిసింది. ఆ రోజు తప్పింది అని అరచెయ్యి ఊపి చూపిస్తే, ఆవిడ కోప్పడకపోగా ఇంజినీరు గారికి జ్ఞానోదయమైందని ఇంటికొచ్చి పాయసం చేసింది.

తర్వాత జబ్బు వచ్చింది. దాని పేరు మన తరంలో అందరి ఇళ్ళలోనూ వినపడుతున్నదే, మళ్ళీ చెప్పను. మందులు ఎక్కించినకొద్దీ జుట్టు పోయింది, ఆకలి పోయింది, అవన్నీ ముందే చెప్పారు కనక సిద్ధపడ్డాం. వేళ్ళు మొద్దుబారడం గురించి కూడా చెప్పే ఉంటారు, మేము అంతగా చెవిన పెట్టలేదు. చొక్కా గుండీ పెట్టలేనంతగా, అన్నం కలుపుతుంటే వేడి తెలియనంతగా ఆవిడ వేళ్ళు మొద్దుబారిపోయాయి. పాదాలూ అంతే.

రెండువేల పధ్నాలుగు, ఆకులు రాలే రోజులు. పొలాల దాకా వెళ్ళే ఓపిక ఆవిడకి లేదు. వ్యానులో కూర్చోబెట్టమంటే, దుప్పటి కప్పి ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంటి ముందే ఆపి ఉంచి పాట పెట్టాను. తలుపు మీద చెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉండి, చెయ్యి తిప్పి మండ ఆనించింది, తర్వాత మోచెయ్యి ఆనించింది, తర్వాత కిటికీ అద్దానికి చెంప ఆనించింది. దొరకడం లేదని నాకు అర్థమైంది. ధ్వని ఎంత పెంచినా దొరకదు, లోపం తలుపులో లేదు. పాట మధ్యకొచ్చాక, పోనీలే అన్నట్టు, ఆవిడ ఎత్తుకుంది. వాళ్ళ అమ్మమ్మ పడవ పాట. గొంతు సన్నబడిపోయింది గాని పాట ఎక్కడా మరచిపోలేదు. శ్రుతికీ దానికీ సంబంధం లేదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఆ కొట్లాట నా ఎడమచేతికి తెలుస్తూనే ఉంది. తెలియకపోతే బాగుండునని, ఆ విద్య నాకు రాకపోయి ఉంటే ఎంత బాగుండునని, దేవుణ్ణి తిట్టుకున్నాను.

పాట అయిపోయాక ఆవిడ ఇటు తిరిగింది. అడుగుతుందని తెలుసు. అడిగింది. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, నా వేలిని తన మొద్దుబారిన చేత్తో పట్టుకుని, "మీకు అబద్ధమాడటం కూడా రాదండీ" అంది. అని నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ పాడలేదు. సంక్రాంతి రాకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు హైదరాబాదు నుంచి మా బావమరిది కొత్త పాటలు ఫోన్లోకి పంపుతుంటాడు. ఆ దేశం వాళ్ళు ఇంకా పాడుతూనే ఉన్నారట, ఇప్పటి కుర్రాళ్ళకీ అంతే పిచ్చట. అమ్మాయి వెళ్ళిపోయాక, తను నేర్పినట్టే ఫోన్ కలిపి కొత్త కారులో ఒకటి పెట్టుకున్నాను. చాలా స్పష్టంగా వినిపించింది. ఫిడేలు ఎక్కడుందో, అకార్డియన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. అది విని తలుపు మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ధ్వని పెంచాను, మళ్ళీ పెట్టాను. గోడ మీద పెట్టినట్టుంది. రేకు లోపల ఏ పొర వేశారో, ఎక్కడ రబ్బరు బిగించారో నాకు తెలుసు. నాలాంటి వాళ్ళే ఎవరో కూర్చుని, ఏళ్ళ తరబడి కష్టపడి, ఆ అదురంతా తీసేశారు. పని చాలా బాగా చేశారు, తప్పుపట్టడానికి లేదు. పాత వ్యానుని తీసుకుపోవడానికి రేపు మనుషులొస్తారు. ఇవాళ పొద్దున్న అందులో ఆ పాత సి.డి. పెట్టి, ముందు సీట్లో, ఆవిడ వైపు కూర్చుని, తలుపు మీద చెయ్యి పెట్టుకుని ఆ పడవ పాట చివరిదాకా పాడాను. కలిసిందో లేదో నాకు తెలిసింది గాని, అడిగేవాళ్ళు ఎవరూ లేరు.